దుర్గమ్మ ఊళ్లో నాస్తికుల లోగిలి

బెజవాడ అనగానే ఇంద్రకీలాద్రి, కనకదుర్గమ్మ. దసరా వచ్చిందంటే కొండ చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. అదే ఊళ్లో, బెంజి సర్కిల్ దగ్గర పటమటలో, దేవుడు లేడనేవాళ్లకూ ఓ చిరునామా ఉంది. నాస్తిక కేంద్రం. గుడి నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో చేరిపోవచ్చు.

1947లో ఇక్కడికి వచ్చిందిగానీ, ఇది పుట్టింది ఉయ్యూరు దగ్గరి ముదునూరులో, 1940లో. పుట్టించినవారు గోరా. అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పే మేష్టారు. నాస్తికుడైనందుకు 1933లో కాకినాడలో కాలేజీ కొలువు పోయింది. ఆయన మాట మార్చుకోలేదు.

భార్య సరస్వతీ గోరా ఆయనకేమీ తీసిపోరు. గ్రహణం పూట గర్భిణి కదలకుండా పడుకోవాలనే రోజుల్లో, కడుపుతో ఉండి బయటికొచ్చి గ్రహణం చూశారు. గుండం తొక్కడం మహిమ అంటే, ఏ మొక్కూ లేకుండా తొక్కి చూపించారు. బూడిద పట్టిన నిప్పు నుంచి పాదానికి వేడి నెమ్మదిగా ఎక్కుతుంది, చకచకా నడిచేస్తే చాలామటుకు కాలదు. (చదివి ఎవరూ ప్రయత్నించకండి, బొబ్బలెక్కినవాళ్లూ ఉన్నారు!) పిల్లల పేర్లలోనూ దేవుళ్లు లేరు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది పుట్టిన కొడుకు లవణం. తొమ్మిదో సంతానం నౌ.

ఇంత పట్టుదల మనిషి వాదానికి దిగింది ఎవరితో అనుకున్నారు? గాంధీజీతో. దేవుడంటే మీ ఉద్దేశమేమిటని 1930లోనే ఉత్తరం రాశారు. 1944 చివర్లో సేవాగ్రాం వెళ్లి ముఖాముఖి మాట్లాడారు. దేవుడున్నాడా లేడా అన్న తర్కం గోరాకు అంత ముఖ్యం కాదు. రాత ఇంతే, ఖర్మ ఇంతే అనుకుంటున్నంతకాలం అంటరానితనం పోదన్నది ఆయన బాధ. గాంధీజీ నమ్మకం వదల్లేదు. అలాగని నేనే ఒప్పు, నువ్వు తప్పు అని తేల్చనూ లేదు. ఇద్దరమూ సత్యాన్ని వెతుకుతున్నవాళ్లమే అన్నారు. దేవుడి సంగతి తెలియదనే అజ్ఞేయవాది కూడా ఇంత మెత్తగా మాట్లాడడేమో!

అసలు పరీక్ష పెళ్లి దగ్గర వచ్చింది. పెద్దకూతురు మనోరమను హరిజన యువకుడు అర్జునరావుకు ఇవ్వాలని గోరా నిశ్చయించారు. పుట్టుక చూస్తే గోరాది బ్రాహ్మణ కుటుంబం. పెళ్లి సేవాగ్రాంలో తానే జరిపిస్తానన్నారు గాంధీజీ. మరి ప్రమాణం ఎవరి పేరున? నాస్తికుడి ఇంటి పెళ్లి కదా! దేవుడి పేరు తీసేసి సత్యం సాక్షిగా అనిపిద్దామని ఆయనే దారి చూపారు. నిత్యం రామనామం పలికే మనిషి అంతదూరం రావడం చిన్న సంగతి కాదు.

ఆ పెళ్లి చూడటానికి ఆయన మిగల్లేదు. 1948 జనవరి 30న హత్యకు గురయ్యారు. మార్చిలో సేవాగ్రాంలోనే, అనుకున్నట్టుగానే, దేవుడి ఊసు లేకుండా మనోరమ, అర్జునరావుల పెళ్లి జరిగింది. తర్వాత లవణం కూడా జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడారు.