కందకం తెరిచి ఉన్న రోజు

2021 వేసవిలో మా వీధిలో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ పైపులు వేశారు. గేటు ముందే నడుంలోతు కందకం, పక్కన మట్టి కుప్ప. కనెక్షన్ కావాలంటే ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోండని మున్సిపాలిటీ మనిషి ఇంటింటికీ తిరిగి చెప్పాడు. "మాకు సెప్టిక్ ట్యాంకు ఉంది కదా, ఇప్పుడెందుకు?" అని పంపేశాను. ఇల్లు కట్టుకున్నాక డబ్బు విషయంలో నేను చేసిన పెద్ద పొరపాటు అదే.

మాది హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డుకు దగ్గరి ఊరు, 2018 దాకా పంచాయతీ. 2006లో 200 గజాల్లో ఇల్లు కట్టినప్పుడు వెనక మూలన ట్యాంకు, దాన్ని ఆనుకుని ఒరలు దించిన సోక్‌పిట్, ముందు మూలన బోరు వేయించాం. అప్పుడు చుట్టూ ఖాళీ జాగాలే. ట్యాంకు మురుగును శుభ్రం చేస్తుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. మడ్డి అడుగున దిగిపోతుందే తప్ప, పైనుంచి సోక్‌పిట్‌లోకి పోయేది మురుగునీరే. అది నేలలో ఇంకుతుంది. అందుకే ఆ గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని మన ప్రమాణాల సంస్థ రాసిపెట్టింది. అంటే దాదాపు 60 అడుగులు. మా జాగా పొడవే 60. మా బోరుకు మా గుంత 50 అడుగుల్లో ఉంది. తర్వాత కట్టిన పక్కింటి అవ్వ గుంతయితే 12 అడుగుల్లోనే.

మొదట్లో రెండు మూడేళ్లకోసారి ట్యాంకరు పిలిస్తే సరిపోయేది. 2022 నుంచి సోక్‌పిట్‌లో నీరు ఇంకడం బాగా తగ్గిపోయింది. ఏడాదికి మూడుసార్లు ట్యాంకరు, ట్రిప్పుకు 3,000. ఈ 9,000 ఎప్పుడూ ఒకేసారి కనబడలేదు. కరెంటు బిల్లులో, పిల్లల ఫీజులో కలిసిపోయింది. కనెక్షన్‌కు అడిగినది మాత్రం ఒక్క అంకెగా ఎదురుగా నిలబడింది, అందుకే భారమనిపించింది.

2023 వానాకాలంలో అడుగున గట్టిపడిన మడ్డిని ట్యాంకరు పైపు లాగలేకపోయింది. వెంట వచ్చిన కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. "ఐదువందలు ఎక్కువియ్యమ్మా, దిగి కదిలిస్త" అని నడుముకు తాడు కట్టుకోబోయాడు. వద్దని గట్టిగా అరిచాను. లోపలి వాయువుకు క్షణాల్లో ప్రాణం పోతుంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించే పనిని 2013 చట్టం నిషేధించింది. 2023 అక్టోబరులోనే సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. ఆ వార్త చదువుతుంటే ఆ పిల్లవాడి తాడే కళ్ల ముందు మెదిలింది. ట్యాంకు సగం మడ్డితో అలాగే ఉండిపోయింది. ఇక దాన్ని వదిలించుకోవాలని ఆ కుర్రాణ్ణి ఆపిన రోజే అనుకున్నాను.

దరఖాస్తు పెట్టేముందు మా లైను ఎక్కడికి పోతుందని ఆఫీసులో అడిగాను. అది చెరువులో కలిసేదైతే మా ఇంటి మురుగును ఇంకొకరి నెత్తిన పోయడమే అవుతుంది. శుద్ధి కేంద్రానికే పోతుందని తెలిశాక సంతకం పెట్టాను.

అసలు లెక్క తవ్వకంలో ఉంది. ట్యాంకు ఇంటి వెనక, లైను ముందు. పక్క సందులోంచి 60 అడుగుల పైపు రావాలి. మేస్త్రి వాటం లెక్క చెప్పాడు: నాలుగించుల పైపుకు నలభై అడుగులకు ఒక అడుగు, ఆరించులకు అరవై అడుగులకు ఒక అడుగు దిగాలి. నాలుగించులు వేస్తే అడుగున్నర లోతు పెరుగుతుంది, ఆరించులైతే అడుగే. పైపు ఖరీదైనా తవ్వకం తగ్గుతుంది, మ్యాన్‌హోల్ మట్టానికి మా పైపు ఎత్తులో ఉంటుంది. ఆరించులదే వేయించాను. మలుపు తిరిగే చోటల్లా చాంబరు కట్టించాను, రేపు ఎక్కడైనా ఇరుక్కుంటే పైనుంచే తీయొచ్చు.

పైపులకూ చాంబర్లకూ 9,000, కూలి 8,000. పాత ట్యాంకు ఖాళీ చేయించి, పైనుంచే అడుగు పగలగొట్టించి రాళ్లు, మట్టి నింపడానికి 4,500. ఇది దండగ అన్నవాళ్లున్నారు. ఖాళీ ట్యాంకును మూతేసి వదిలితే ఏదో ఒకనాడు స్లాబు కుంగి పిల్లలు పడతారు. కనెక్షన్‌కు 17,000, అందులో 11,000 ఉత్తగా సీసీ రోడ్డు కోసి మళ్లీ పూడ్చినందుకే. ఆ రోడ్డు 2022లో వేశారు. మొత్తం 38,500. కందకం తెరిచి ఉన్నప్పుడే కలుపుకుని ఉంటే ఆ 11,000 ఉండేది కాదు, రెండేళ్ల ట్యాంకర్ల 18,000 కూడా మిగిలేది.

లక్ష రూపాయల చీటీ నడుస్తోంది. కానీ ఆ నెల పాడితే 14,000 తరుగు పోయేది. బదులుగా రెండు గాజులు బ్యాంకులో పెట్టి నూటికి రూపాయి వడ్డీకి 40,000 తెచ్చాను. నెలకు 4,000 చొప్పున పది నెలల్లో తీర్చాను, వడ్డీ 2,200 అయింది. గాజులు ఇంటికొచ్చాయి.

ఒక లెక్క మాత్రం ఇంకా కుదరలేదు. తాగే నీళ్లకు రోజుకో క్యాను, నెలకు 600. కనెక్షన్‌కు ముందు బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే లీటరుకు నైట్రేటు 78 మిల్లీగ్రాములు వచ్చింది. పరిమితి 45. చంటిపిల్లల రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా చేసే విషం అది. ఏడాది తర్వాత మళ్లీ చేయిస్తే 71. నేను ఒక్కదాన్నే ఆపితే నేల బాగుపడదు. వీధిలో పద్నాలుగు ఇళ్లుంటే ఐదు ఇంకా గుంతల్లోకే వదులుతున్నాయి.

అందులో అవ్వ ఇల్లొకటి. ఆమె ట్యాంకు గేటు దగ్గరే, లైనుకు 18 అడుగులు. అయినా 26,000 అవుతుందని మేస్త్రి చెప్పాడు. ఆమె పింఛను నెలకు 2,016. పదమూడు నెలలు అన్నం మానేసినట్టే. "నేనుండేదెంత కాలం బిడ్డా, నాకెందుకది" అంటుంది. ఆమె గుంత మా బోరు పక్కనే ఉందని ఎలా చెప్పాలో తెలియక రెండు నెలలు ఊరుకున్నాను. మొన్న చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ పిల్లలు ఆ నీళ్లు తాగిండ్రా?" అని అడిగింది.

ఆమె కనెక్షన్ కోసం వచ్చే నెల చీటీ పాడుతున్నాను. ఇప్పుడు తరుగు 3,000కు దిగింది. అవ్వ నెలకు 500 ఇస్తానంది, వడ్డీ ఊసు ఎత్తవద్దని చెప్పాను. మేస్త్రి ఆదివారం వచ్చి దారం పట్టి వాటం చూసి వెళ్లాడు.