రాగీ పేరేమిటి?

సంక్రాంతి వెళ్లిన వారానికి బొబ్బిలి నుంచి మా చిన్న మావయ్య వచ్చాడు. విశాఖ నుంచి రాయ్‌పూర్ వచ్చే రైలు బొబ్బిలి మీదుగానే వస్తుంది. పెళ్లయి ఇక్కడికి వచ్చిన ఈ ఇరవై రెండేళ్లలో మా పుట్టింటి అరిసెలైనా, ఆవకాయ జాడీ అయినా ఆ రైల్లోనే దిగాయి. ఈసారి మావయ్య ఒక కోరిక కూడా తెచ్చాడు. "ఏటమ్మా, మీ ఊళ్లో పాతకాలం వాయిద్యాలు పెట్టిన మ్యూజియం ఉందట కదా, నన్ను తీసుకెళ్లవూ?" అన్నాడు.

రాయ్‌పూర్‌కు మ్యూజియాలు కొత్త కాదు. రాజనందగావ్ రాజు మహంత్ ఘాసీదాస్ పేరు మీద ఇక్కడ 1875లోనే ఒకటి వెలిసింది. మేం వెళ్లింది మాత్రం వేరే చోటికి, వాయిద్యాలకు రెండు గదులు కేటాయించిన ఒక చిన్న ప్రదర్శనశాలకి. మాతో మా అమ్మాయి కూడా వచ్చింది. ఇంటర్ చదువుతోంది. తెలుగు మాట్లాడుతుంది గానీ పరధ్యానంలో ఉంటే ఛత్తీస్‌గఢీ వచ్చేస్తుంది.

మొదటి గదిలో పెళ్లిళ్లకు వాయించే గడ్వా బాజా ఉంది. నిశాన్, దఫ్డా, టిమ్కీ, మొహ్రీ. మొహ్రీ అచ్చం మన సన్నాయి చెల్లెలు. రెండో గదిలో అద్దాల వెనక, ఇక్కడ మహాభారతాన్ని కథగా పాడే పండవానీ వాళ్ల తంబురా, కరతాళం. మావయ్య అక్కడ ఆగిపోయాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇది మనదే కదమ్మా!"

మనది కాదు. కానీ ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. బుర్రకథలో కథకుడి భుజాన తంబురా ఉంటుంది, చేతి వేళ్లకు అందెలుంటాయి. పండవానీలో ఒక చేత తంబురా, ఇంకో చేత కరతాళం. కథ యుద్ధంలోకి వెళ్లగానే ఆ తంబురా భీముడి గద అవుతుంది, అర్జునుడి విల్లు అవుతుంది. మన కథకుడు బొబ్బిలి యుద్ధం చెప్తూ తాండ్ర పాపారాయుడి కత్తి దూసేది కూడా తంబురాతోనే. అక్కడ పక్కన ఇద్దరు వంతలు "తందాన తాన" అందుకుంటారు. ఇక్కడ రాగీ ఉంటాడు. కథకురాలు ఒక మాట అనగానే ఊ కొడతాడు, అడ్డు ప్రశ్న వేస్తాడు, ఆశ్చర్యపోతాడు.

బయట చెట్టు కింద టీ తాగుతుంటే వాదన మొదలైంది. మా అమ్మాయే మొదలెట్టింది. ఆ గోడ మీద ఒక్క కళాకారుడి బొమ్మ పెట్టే హక్కు మనకిస్తే ఎవరిది పెడతాం?

మా అమ్మాయికి సందేహమే లేదు, పండవానీ పాడే తీజన్ బాయి. భిలాయ్ దగ్గర గనియారీలో పుట్టి, పదమూడేళ్లకు పది రూపాయలకు మొదటి కథ చెప్పిన పార్ధీ తెగ పిల్ల. ఆడవాళ్లు కూర్చుని వేదమతి పద్ధతిలో మాత్రమే పాడాలన్న రోజుల్లో లేచి నిలబడి, మగవాళ్ల కాపాలిక పద్ధతిలో గర్జించింది. కులం వెలేసింది. ఆ తర్వాత ప్రపంచమంతా తిరిగింది. పద్మశ్రీ మీద 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ వచ్చాయి. "ఇంకెవరైనా ఎందుకు తాతయ్యా?" అంది.

మావయ్య నాజర్ పేరు చెప్పాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చి బుర్రకథను ఊరి రచ్చబండ నుంచి దేశం దాకా నడిపించిన షేక్ నాజర్. 1986లో పద్మశ్రీ. "బొబ్బిలి వాళ్లకి బొబ్బిలి కథ చెప్పి ఏడిపించినాడు. ఆయన్ని పెట్టకపోతే నేనొప్పుకోను" అన్నాడు. రాయ్‌పూర్ గోడ మీద నాజర్ ఎందుకని పిల్ల నవ్వింది. ఈయన చిన్నబుచ్చుకున్నాడు.

నేను సురుజ్‌బాయి ఖాండే పేరు చెప్పాను. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన సుభాషితాల భర్తృహరి మనకు తెలుసు. ఆ రాజు కథనే ఇక్కడి పల్లెల్లో భర్థరీ అని పాడతారు. బిలాస్‌పూర్ సురుజ్‌బాయి ఆ పాటకు గొంతు అయింది. సోవియట్ దేశం దాకా వెళ్లి పాడింది. 2018లో పోయింది. పద్మ పురస్కారం రాలేదు. తీజన్ బాయికి గోడలు ఎన్నో ఉన్నాయి, ఈమెకు ఒక్కటైనా ఉండాలని నా వాదన. ఇప్పటికీ అదే.

అప్పుడు మావయ్య అడిగాడు. "సరే గానీ, తీజన్ బాయి పక్కన ఊ కొట్టే ఆ రాగీ పేరేటమ్మా?"

మా ఇద్దరికీ తెలియదు. ఎన్ని వీడియోలు చూశామో, ఆ గొంతు ఎన్నిసార్లు విన్నామో. పేరు తెలియదు.

"నాజర్ గారి వంతల పేర్లు నేను చెప్తాను. కర్నాటి లక్ష్మీనరసయ్య, పురిటిపాటి రామకృష్ణారెడ్డి" అని కాసేపు ఆగి, "నేనూ వంతనే కదమ్మా" అన్నాడు.

నాకు తెలియదు. నా చిన్నప్పటి నుంచి ఆయన బడిపంతులే. నేను పుట్టకముందు నాలుగేళ్లు ఒక దళంతో ఊళ్లు తిరిగి గుమ్మెట వాయించాడట. హాస్యం ఆయనదట. జనం నిద్రలోకి జారుతుంటే కథకుడు ఈయన వైపు చూసేవాడట, ఈయన ఒక్క మాట వేసి పందిరంతా లేపేవాడట. టీ గ్లాసు కింద పెట్టి బల్ల మీద వేళ్లతో ఆ దరువు వేశాడు. కుడిచేతి రెండు వేళ్లు, ఎడమ అరచేయి. డెబ్బై నాలుగేళ్ల వేళ్లు ఒక్కసారి కూడా తడబడలేదు. మా అమ్మాయి ఫోన్ తీసి రికార్డు చేసింది.

నేను గడ్వా బాజా సంగతి ఎత్తాను. వాటిని వాయించేది గాండా కులం వాళ్లు. వాళ్లు లేనిదే పల్లెల్లో పెళ్లి నడవదు, వాళ్లకు మాత్రం పెళ్లింట్లో సరైన చోటు దొరికేది కాదు. మన డప్పు కళాకారులకూ అంతే కదా అన్నాను. మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. "మా పెళ్లికి డప్పు వాయించినాయన నాకు బాగా గుర్తు. ఎడమ కన్ను కాస్త మెల్ల. మూడు రోజులు వాయించినాడు. పేరు అడగలేదమ్మా" అన్నాడు.

ఆ గదుల్లో చీటీలన్నీ ఒకే తీరు. వాయిద్యం పేరు, తెగ పేరు, ప్రాంతం. చేసిన మనిషి పేరు ఒక్కదాని మీదా లేదు. దేశంలో నేను చూసిన చాలా ప్రదర్శనశాలల్లోనూ ఇదే పద్ధతి. రాజుగారి శాసనానికి సంవత్సరం ఉంటుంది, డోలుకు కులం ఉంటుంది.

ఇంటికొచ్చాక షోకేసులోంచి సులుర్ తీశాను. బస్తర్ వెదురు వాద్యం. దాన్ని ఊదరు, చేత్తో పట్టుకుని గాలిలో తిప్పుతారు. రాత్రి అడవిలో నడిచేవాళ్లు జంతువులను దూరంగా ఉంచడానికి తిప్పుకుంటూ వెళ్తారు. గొట్టం మీద కాల్చిన ఇనుముతో గీసిన చేపలు, ఆకులు, ఒక మూల వంకరపోయిన చుక్కల వరస. అక్కడ చెయ్యి జారిందేమో. మావయ్య తిప్పగానే గదిలో గాలి వాన ముందు తాటితోపులా మోగింది. హస్తకళల దుకాణంలో కొని పన్నెండేళ్లయింది. చేసినవాళ్ల పేరు నేనూ అడగలేదు.

ఆ పేర్లు పైకి రావడం అసాధ్యమేమీ కాదు. 2025లో నారాయణ్‌పూర్ జిల్లాకు చెందిన పండీరామ్ మండావీకి పద్మశ్రీ ఇచ్చారు. ముడియా గోండు. కొయ్య చెక్కుతాడు, ఈ వెదురు వాద్యమే చేస్తాడు. మన వైపు కిన్నెర మొగిలయ్యకు 2022లో, బుర్రవీణ దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చాయి. భిలాయ్‌లో రిఖీ క్షత్రియ ఊరూరా తిరిగి మరుగున పడ్డ వాయిద్యాలను పోగుచేశాడు. హైదరాబాద్‌లో జయధీర్ తిరుమలరావు గారూ అదే పని చేశారు. మా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. వీణకు ఊరి పేరుంది. ఉలి పట్టినవాడి పేరు కూడా దాని మీద ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మావయ్య వెళ్లేలోపు మా అమ్మాయి ఒక నోటుపుస్తకం పెట్టింది. ఆయన దళంలో కథకుడు, రెండో వంత, హార్మోనియం, వాళ్ల ఊళ్లు, తిరిగిన పల్లెలు అన్నీ రాసుకుంది. మీ ఊళ్లో ఒకప్పుడు వంత పాడినవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు, సన్నాయి ఊదినవాళ్లు ఇంకా ఉంటే ఈ వారమే వెళ్లి పేరు అడగండి. ఇంటిపేరుతో సహా రాసుకోండి.