నిలువ ఉంచితే నిలవని మేలు

పాపఘ్ని నది గండి వద్ద కొండలను చీల్చుకొని, వేంపల్లె మీదుగా ప్రవహించి, కమలాపురం సమీపాన పెన్నలో కలుస్తుంది. ఎగువన పులివెందుల ప్రాంతమంతా చీనీతోటలకు ప్రసిద్ధి. ఇతర ప్రాంతాలవారు బత్తాయి అనే పండే ఇక్కడ చీనీ.

ఒక రమజాన్ మాసంలో మేము కమలాపురంలోని ఒక మస్జిదులో ఇఫ్తారుకు కూర్చున్నాము. యువకులు ఎంతో శ్రద్ధతో జుహ్ర్ నమాజు కాగానే చీనీరసం తీసి పెద్ద పాత్రలలో ఉంచారు. మగ్రిబ్ వేళకు అది చేదెక్కింది. పిల్లలు గ్లాసులు పక్కన పెట్టేశారు. మా ప్రక్కనున్న వృద్ధ రైతు మెల్లగా, "హజ్రత్, కాయనైతే నిలువ పెట్టొచ్చు గానీ, రసం తీసినాక పెట్టగూడదు" అన్నారు.

ఆ మాటలో శాస్త్రముంది. పండును పిండినప్పుడు గింజల నుండి, పొరల నుండి రసంలో చేరే ఒక పదార్థం క్రమేణా లిమోనిన్‌గా మారుతుంది. ఆ చేదు దానిదే. నాలుకకు తెలియని నష్టం మరొకటుంది. శరీర కణాలను రక్షించే యాంటీఆక్సిడెంట్లలో విటమిన్ సి ఒకటి. 100 గ్రాముల చీనీ తొనలలో అది సుమారు 50 మిల్లీగ్రాములు, లంబసింగి కొండలలో పండించే స్ట్రాబెర్రీలో దాదాపు 60 మిల్లీగ్రాములు ఉంటుంది. గాలి, వేడిమి దానిని హరిస్తాయి. చీనీకి దళసరి తొక్క కవచం. నీడన, చల్లని చోట కొన్ని వారాలు నిలుస్తుంది. స్ట్రాబెర్రీకి ఆ కవచం లేదు. నలిగితే త్వరగా చెడుతుంది. దానిని కడగకుండా ఫ్రిజ్‌లో ఉంచి, తినేముందే కడిగి, రెండు మూడు రోజులలో తినాలి.

1747లో జేమ్స్ లిండ్ అనే నౌకాదళ వైద్యుడు నారింజ, నిమ్మపండ్లతో నావికుల స్కర్వీ వ్యాధి నయమగుటను గమనించాడు. అయితే నిలువ కోసం రసాన్ని వేడిచేసి చిక్కబరచమని కూడా ఆయనే సూచించాడు. ఆ వేడిలో మందుగుణం చాలావరకు నశించింది. ఔషధం చేతికందినా, దాచే విధానమే దానిని పాడుచేసింది.

అన్‌ఆమ్ సూరా 141వ ఆయతులో అల్లాహ్ పండ్లను తినమని, కోతనాడే వాటి హక్కు చెల్లించమని, దుబారా చేయవద్దని ఆదేశించాడు. మన ఇళ్ళలో పండ్లు వాడిపోయే వరకు ఫ్రిజ్‌లో ఉంటాయి. ఆ తరువాతే పనివారికో పొరుగువారికో గుర్తుకొస్తాయి. సారం పోయినదాన్ని ఇచ్చి పుణ్యం ఆశించడం న్యాయమా?

మరుసటి రోజు ఆ యువకులు కాయలను నీడన ఉంచి, అస్ర్ నమాజు తరువాత, ఇఫ్తారుకు కొద్దిసేపటి ముందు రసం తీశారు. మిగిలిన కాయలను అప్పుడే ఇరుగుపొరుగు ఇళ్ళకు పంచారు. ఆ సాయంత్రం ఒక్క గ్లాసూ మిగలలేదు. తాజాగా ఉండగానే తినే, తాజాగా ఉండగానే పంచే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.