రౌండ్సులో ముందు ఎవరు మాట్లాడాలి?

కొత్తగూడెం జిల్లా చర్ల, దుమ్ముగూడెం గూడేల్లో పిల్లాడికి జ్వరమొస్తే మొదటి పరీక్ష చాలాసార్లు ఆశ కార్యకర్త చేతి మీదుగానే. వేలి కొసన గుచ్చి, నెత్తుటి చుక్క మలేరియా కిట్టు మీద వేసి, గీత తేలేదాకా తల్లికి కోయ భాషలో ధైర్యం చెబుతుంది. తర్వాత ఏఎన్‌ఎం, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు. డాక్టరు వంతు ఎప్పటికో!

2022లో కొత్తగూడెంలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, సంతోషం. కానీ ఇలా కలిసి పనిచేయాల్సిన వాళ్లకే దేశమంతటా ఎంబీబీఎస్ పాఠం వేరు, నర్సింగ్ పాఠం వేరు. ఆరోగ్య వృత్తుల విద్యార్థులంతా కలిసి నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. నన్నడిగితే, ఇందుకు కొత్త సిలబస్ అక్కర్లేదు. అయ్యా ప్రొఫెసర్లూ, రౌండ్సులో ముందు సిస్టరమ్మను మాట్లాడనివ్వండి. మీ విద్యార్థుల్ని ఒక పూట ఆశ వెంట గూడేనికి పంపండి.