గంటన్నర దారి... నలభై ఏళ్ల ప్రయాణం!

చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నర. కిటికీలోంచి కాసేపు సముద్రాన్ని చూసి, చేతికిచ్చిన పొట్లం విప్పి తినేలోపే కొలంబో వచ్చేస్తుంది. తెనాలి దగ్గరి ఓ పల్లెలో ఉండే రిటైర్డ్ మాస్టారికీ, ఆయన ఇల్లాలికీ మాత్రం ఆ గంటన్నర దారికి నలభై ఏళ్లు పట్టింది. 1983లో బయల్దేరాలనుకున్నవాళ్లు 2024 ఫిబ్రవరిలో దిగారు. ఈలోగా రెండు పాస్‌పోర్టులు ఒక్క ముద్రయినా పడకుండానే గడువు తీరి బీరువా అడుగుకు చేరాయి.

సింగపూర్ కాదు, అమెరికా కాదు... శ్రీలంకే ఎందుకు? అంటే, దానికి కారణం ఓ రేడియో.

1952లో అప్పటి కేంద్ర సమాచార మంత్రి బి.వి.కేస్కర్‌కు సినిమా పాటలు ఆకాశవాణి స్థాయికి తగవనిపించింది. పాటలకు తలుపులు మూసేశారు. శ్రోతలేమో ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. బుధవారం రాత్రయితే చాలు, అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా కోసం దేశమంతా చెవులు రిక్కించేది. 1957లో వివిధభారతి వచ్చాక కూడా ఆ మోజు పోలేదు. తెలుగిళ్లలోనైతే మధ్యాహ్నాలు మీనాక్షి పొన్నుదురైవి. కాస్త యాస కలిసిన తెలుగులో ఆవిడ పాట పేరు చెబుతుంటే, షార్ట్‌వేవ్‌లో గొంతు ఓసారి పక్కింట్లోంచి వచ్చినట్టూ, ఓసారి బావిలోంచి వచ్చినట్టూ ఉండేది. అన్నం తిన్న కంచాలు కడుగుతూ ఆ గొంతు వినే పన్నెండేళ్ల పిల్ల ఒకతె బాపట్ల దగ్గర ఉండేది. 'ఆ ఊరు ఎక్కడుంటుంది నాన్నా' అంటే, 'ఆ నీళ్లకవతల' అని తండ్రి సముద్రం వైపు చెయ్యి చూపించాడట.

ఆ పిల్లే 1979లో మాస్టారి ఇల్లాలయింది. పెళ్లయిన కొత్తలో ఏం కావాలని అడిగితే నగా కాదు, నాణెమూ కాదు... 'రేడియో సిలోన్ చూపిస్తారా' అంది. సోషల్ చెప్పే మాస్టారు కదా, మ్యాపు తీసి చూశారు. 'ఓస్, ఇంతేనా!' అన్నారు. ఆ మాట మీద ఆవిడ ఇప్పటికీ ఆటపట్టిస్తూనే ఉంటుంది.

అన్నీ సిద్ధమే... అంతలో!

ఆ రోజుల్లో అది నిజంగానే 'ఇంతే'. చెన్నై నుంచి రైల్లో రామేశ్వరం, అక్కడి నుంచి ఓడలో తలైమన్నార్, మళ్లీ రైల్లో కొలంబో. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి కొట్టుకుపోకముందు ఓడ అక్కడి నుంచే బయల్దేరేది. విమానమెక్కే తాహతు లేనివాళ్లు కూడా విదేశం వెళ్లొచ్చిన దారి అది. మాస్టారు రెండేళ్లు చీటీ కట్టి, 1983 దసరా సెలవులకు ముహూర్తం పెట్టుకున్నారు. పాస్‌పోర్టులు జులైలో వచ్చాయి. ఆ నెలాఖర్లోనే కొలంబోలో తమిళుల ఇళ్లూ దుకాణాలూ తగలబడ్డాయి. చరిత్రలో 'బ్లాక్ జులై'గా మిగిలిపోయిన ఆ మారణకాండతో అంతర్యుద్ధం మొదలైంది. కొన్నాళ్లకు ఓడ కూడా ఆగిపోయింది. చీటీ డబ్బులతో ఇంటికి వంటగది కట్టించారు.

తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు ఆ ఇంట్లో శ్రీలంక మాటే లేదు. పేపర్లో ఆ దేశం పేరు కనిపించిందంటే బాంబు వార్తే. 2001 జులైలో ఏకంగా కొలంబో విమానాశ్రయం మీదే దాడి జరిగింది. 2002 ఫిబ్రవరిలో కాల్పుల విరమణ అన్నాకే పాత ఆశ మళ్లీ చిగురేసింది. పిల్లల చదువుల ఖర్చులు చూసుకుని, కొత్త పాస్‌పోర్టులు తీసుకుని, 2005 సంక్రాంతి సెలవులకు టిక్కెట్లు కొన్నారు. సరిగ్గా మూడు వారాల ముందు, డిసెంబరు 26 ఆదివారం పొద్దున... సునామీ.

శ్రీలంకలో 30 వేలమందికి పైగా పోయారు. కొలంబో నుంచి దక్షిణాదికి వెళ్తున్న రైలు పెరాలియా అనే ఊరి దగ్గర అలల్లో చిక్కుకుంది. ఆ ఒక్క రైలు దగ్గరే మృతులు వెయ్యికి పైనే. మన కోస్తాలోనూ వందమందికి పైగా చనిపోయారు. మాస్టారి సంక్రాంతి సెలవులు బాపట్ల తీరంలోని జాలరి పేటల్లో బియ్యం, దుప్పట్లు పంచడంలో గడిచిపోయాయి. టిక్కెట్టు డబ్బులు ఎంత తిరిగొచ్చాయో ఇద్దరికీ ఇప్పుడు గుర్తులేదు.

2009 మేలో యుద్ధం ముగిసింది. 2011లో మాస్టారు రిటైరయ్యారు. కూతురి పెళ్లి, కాన్పులు, అబ్బాయి ఉద్యోగం... వాటిని అడ్డంకులనలేం, అవన్నీ ఏ ఇంట్లోనైనా ఉండేవే. తీరా చెన్నైలో ఉంటున్న కూతురు పట్టుబట్టి 2019 మే నెలకు టిక్కెట్లు తీసింది. ఏప్రిల్ 21న, ఈస్టర్ నాడు చర్చిల్లో, హోటళ్లలో బాంబులు పేలాయి. 250 మందికి పైగా మరణించారు. సరే, వచ్చే ఏడాది అనుకున్నారు. వచ్చే ఏడాదంటే 2020! కరోనా సంగతి చెప్పేదేముంది? 2022 జూన్‌కు మళ్లీ ప్రయత్నించారు. అప్పటికి అక్కడ పెట్రోలు లేదు, గ్యాస్ లేదు. రోజుకు పదమూడు గంటల కరెంటు కోతలు చూసిన దేశంలో జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకెళ్లారు. 2023లో అంతా బాగుందనుకుంటే మాస్టారి గుండెకు స్టెంటు పడింది.

'మనం టిక్కెట్టు కొంటే ఆ దేశానికి అరిష్టమేమోనండీ' అని ఆవిడ నిజంగానే భయపడిందట. ఈసారి ఎవరికీ చెప్పకుండా కొన్నారు, పక్కింటివాళ్లక్కూడా!

సింహగిరి నీడలో...

అప్పట్లో శ్రీలంక మనవాళ్లకు వీసా రుసుము తీసేసింది. మొదట 2024 మార్చి ఆఖరు దాకా అని ఆ వెసులుబాటు ప్రకటించారు. మన రూపాయికి అక్కడి రూపాయలు మూడుకు పైనే వస్తాయి కాబట్టి ఖర్చూ భరించగలిగినంతే. ఇంకో మాట. వేసవి సెలవులు కదా అని మే, జూన్‌లలో వెళ్లేవాళ్లు తూర్పున ట్రింకోమలీ వైపు చూసుకోవడం మేలు. పడమటి తీరంలో, కొండల్లో అప్పుడు నైరుతి వానలు. ఫిబ్రవరిలో మాత్రం కొలంబో, క్యాండీ, గాలే అన్నీ తేటగా ఉంటాయి.

విమానాశ్రయంలోనే ఓ వ్యాను మాట్లాడుకుని ముందు సిగిరియా వెళ్లారు. చదునైన అడవి మధ్యలో ఒక్కటే బండ, నిటారుగా లేచి ఉంటుంది. దాని మీద అయిదో శతాబ్దంలో కాశ్యపుడనే రాజు కోట కట్టుకున్నాడు. పైకి వెళ్లే దారిలో రెండు రాతి సింహపు పంజాలు మిగిలాయి, ఒక్కో గోరు మనిషంత. సగం ఎత్తులో గోడమీద అప్సరసల్లాంటి బొమ్మలు. వాటి పక్కన అద్దంలా నునుపుగా తోమిన గోడ. దానిమీద పన్నెండు, పదమూడు వందల ఏళ్ల కిందటి యాత్రికులు తమ మెప్పుదల సింహళ పద్యాలుగా గీకిపోయారు. ఇప్పుడు ఎవరైనా గీకితే జైలే అనుకోండి!

ఆవిడ బొమ్మల దాకా ఎక్కింది. స్టెంటు పుణ్యమా అని మాస్టారు కిందే చెట్టు నీడలో, వ్యాను డ్రైవరుతోపాటు ఎర్ర కొబ్బరిబోండాం తాగుతూ కూర్చున్నారు. అక్కడివాళ్లు దాన్ని 'తంబిలి' అంటారు. మాటల్లో మాటగా మాస్టారు తమ కథ చెప్పారు. 2005లో రావాల్సింది, సునామీ వచ్చింది. డ్రైవరు తల ఊపాడు. వాళ్లది హిక్కడువా దగ్గర. ఆ రోజు ఇల్లు పోయింది, మేనత్త పోయింది. 2019 మేకు టిక్కెట్లు తీశాం... 'ఈ వ్యాను 2019 మార్చిలో కొన్నా సార్, ఫైనాన్సులో' అన్నాడు. ఈస్టర్ తర్వాత ఆరు నెలలు ఒక్క కిరాయి లేదు. కాస్త తేరుకునేసరికి కరోనా. 2022లో పెట్రోలు క్యూలో రెండు రాత్రులు వ్యాన్లోనే పడుకున్నాడు, మూడోరోజు బంకులో స్టాకు అయిపోయిందన్నారు. వాయిదాలు మాత్రం అయిపోలేదు. మాస్టారు ఇక తన కథ కొనసాగించలేదు. తనకు సెలవు తప్పిపోయిన ప్రతి తేదీకీ ఈ మనిషి దగ్గర ఇంకో లెక్క ఉంది. ఆవిడ దిగొచ్చి 'ఎంత బాగుందో, మీరూ రావాల్సిందండీ' అన్నప్పుడు ఆయన ఎటో చూస్తూ ఉన్నారట.

క్యాండీలో మాత్రం మాస్టారిలోని సోషల్ టీచరు నిద్రలేచాడు. బుద్ధుడి దంతం ఉన్న దళద మాళిగావ ముందు ఎనిమిది మూలల మండపం, దాని ముందు చెరువు... చెరువు తవ్వించింది శ్రీ విక్రమ రాజసింహ, 1807లో. క్యాండీని ఏలిన ఆఖరి రాజు. 1739 నుంచి 1815 దాకా ఆ గద్దె మీద కూర్చున్న నాయక్కర్ రాజులు మదురై వైపు నుంచి వెళ్లిన, తెలుగు మూలాలున్న కుటుంబాలవాళ్లు. బ్రిటిష్‌వాళ్లు 1815లో ఆయన్ను గద్దె దించి, వేలూరుకు తరలించారు. 1832లో అక్కడే కన్నుమూశాడు. ఆయనకూ ఆ సముద్రం మళ్లీ దాటే యోగం పట్టలేదు. తెలుగు జాడ రాజులతోనే ఆగలేదు. పాములాడించుకు బతికిన అహికుంటికులనే సంచార జాతివాళ్లు అనురాధపురం వైపు పల్లెల్లో ఇప్పటికీ తెలుగులాంటి భాష మాట్లాడతారు. అక్కడికి వెళ్లాలని మాస్టారికి ఎంతో ఉంది కానీ రోజులు చాల్లేదు.

కొండరైలు... కట్టెల పొయ్యి

క్యాండీ నుంచి రైలెక్కి, వ్యాన్ని రోడ్డు మీద ముందుకు పంపించేశారు. శ్రీలంక వెళ్లి ఆ రైలెక్కకపోతే తిరుపతి వెళ్లి కొండెక్కనట్టే. నీలం పెట్టెలు తేయాకు తోటల్ని ఒరుసుకుంటూ, పొగమంచులో దూరి తేలుతూ, మనిషి పరిగెత్తితే అందుకునేంత నెమ్మదిగా ఎక్కుతాయి. నువారా ఎలియా వెళ్లాలంటే నానుఓయలో దిగాలి. అదే దారిలో ముందుకెళ్తే సముద్ర మట్టానికి 1,891 మీటర్ల ఎత్తున పట్టిపొల, ఆ తర్వాత ఎల్ల. అక్కడ 1921లో పూర్తయిన తొమ్మిది కమానుల వంతెన మీదుగా రైలు వెళ్తుంటే ఫొటో తీసుకోని యాత్రికుడు ఉండడు. రిజర్వేషను మాత్రం ముందే చేయించుకోవాలి. లేదంటే గుమ్మం దగ్గర నిలబడే యోగం!

నువారా ఎలియాలో వీళ్లు దిగిన చిన్న గెస్ట్‌హౌస్ ఓ తమిళావిడది. ఆమె పూర్వీకులు తెల్లదొరల తోటల్లో పనికి తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. మొదట కాఫీ, దానికి తెగులు పట్టాక తేయాకు. కూతురి దగ్గర నేర్చుకున్న నాలుగు తమిళ ముక్కలతో ఆవిడ వంటింట్లోకే వెళ్లిపోయింది. ఇడియాప్పం, పప్పు, ఎండుమిరప కొబ్బరి పచ్చడి. గ్యాస్ పొయ్యి పక్కనే మసిబారిన కట్టెల పొయ్యి ఉంది. 2022లో నాలుగు నెలలు దాని మీదే వంట చేశానక్కా, మళ్లీ అవసరం పడుతుందేమోనని తీయలేదు, అందట ఆమె. ఆ ఏడాది మార్చిలో కొలంబో ఉన్న పశ్చిమ రాష్ట్రంలో కాగితాల్లేక బడి పరీక్షలే వాయిదా వేశారు. ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన మాస్టారికి అన్నింటికన్నా ఆ సంగతే మింగుడుపడలేదు.

చివరిరోజు కొలంబో. రేడియో సిలోన్ పేరు 1967లోనే మారిపోయింది. ఇప్పుడది శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్. ముందస్తు అనుమతి లేనిదే లోపలికి పంపరు. గేటు బయట ఆవిడ నిలబడిపోయింది. పాతికేళ్ల కాపలా కుర్రాడు వచ్చి ఏం కావాలమ్మా అన్నాడు. మా పాటలు ఇక్కణ్నుంచే వచ్చేవి, తెలుగు పాటలు, అని మాస్టారు ఇంగ్లిషులో చెప్పారు. కుర్రాడికి అర్థం కాలేదు కానీ నవ్వి, లోపలి నుంచి ఓ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. ఆవిడ పావుగంట కూర్చుంది. తర్వాత 'ఇక పదండి' అంది.

2025 నవంబరు 28న దిత్వా తుపాను శ్రీలంకను తాకింది. క్యాండీ, బదుల్ల, నువారా ఎలియా కొండలు విరిగిపడ్డాయి. 600 మందికి పైగా చనిపోయారు. కొండరైలు పట్టాలు చాలాచోట్ల కొట్టుకుపోయాయి. హిక్కడువా డ్రైవరు రెండోరోజుకల్లా ఫోన్లో దొరికాడు. నువారా ఎలియా నంబరు నాలుగు రోజులు మోగనే లేదు. అయిదో రోజు ఎత్తింది. ఇంటి వెనక గట్టు జారి వంటగది గోడ పడిందట, మనుషులు క్షేమం. కరెంటు లేదు, కట్టెల పొయ్యి మాత్రం ఉంది. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత ఆమే అడిగింది... 'జనవరిలో మీ చెల్లెలు వాళ్లని పంపిస్తానన్నావు కదక్కా, వస్తున్నారా?'