మామూ తలమీది రోష్నీ

బావిలోకి దిగే మనిషికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఒకటి తాడు పట్టుకోవడానికి, ఇంకొకటి వెతకడానికి. టార్చి కోసమని అల్లా మూడో చెయ్యి ఇవ్వలేదు.

మా మామూ ఉదయగిరి చుట్టుపక్కల ఊళ్లలో గజ ఈతగాడు. బావిలో మోటారు జారినా, ఫుట్‌వాల్వ్ ఊడినా, మేక పడినా, ఖుదా న ఖాస్తా మనిషే పడినా ఆయనకి ఫోన్ వస్తుంది. మొదట్లో వట్టి చేతులతో తడుముకుంటూ దిగేవాడు. తర్వాత టార్చికి పాలిథిన్ కవర్ చుట్టి, రబ్బర్ బ్యాండు వేసి దిగడం మొదలుపెట్టాడు. టార్చి చేతిలోకి రాగానే తాడు చేతిలోంచి పోయింది. నా ఫికర్ అంతా ఆ తాడు గురించే.

సోమశిల కాలువ నీళ్లు అందే ఆత్మకూరు వైపు బావులు వేరు, ఉదయగిరి మెట్ట బావులు వేరు. మెట్టలో రాయి పగలగొట్టి తవ్విన పాత బావులు. నీళ్లు ఎంతో కిందికి ఉంటాయి. గోడల్లోంచి రావి వేళ్లు, తెగిన వైర్లు, ఎప్పుడో వదిలేసిన పైపులు. మిట్టమధ్యాహ్నం కూడా రెండు నిలువులు దిగితే అంధేరా. అక్కడ తాడు వదిలిన మనిషికి పైకి దారి ఎటో తెలియదు.

తలకి లైటు కట్టుకోవడం కొత్త ఖయాల్ కాదు. నీళ్లు నిండిన గుహల్లో ఈదే డైవర్లకి ఇది పాత అలవాటు. 2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలూ వాళ్ల కోచ్‌ చిక్కుకుపోయినప్పుడు జులై 2న వాళ్లని కనిపెట్టిన రిచర్డ్ స్టాంటన్, జాన్ వోలాంథెన్‌ల హెల్మెట్ల మీద లైట్లున్నాయి. చేతులు దారి చూపే తాడుకి కావాలి కాబట్టి. వాళ్లలో ఉసూల్ ఇంకొకటి ఉంది: ఒక్క లైటుతో ఎవరూ వెళ్లరు, ఒక పెద్దదీ రెండు చిన్నవీ ఉండాలి. మన గోదావరిలో కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబర్ 15న మునిగిన పడవని అక్టోబర్ 22న బయటికి లాగిన ధర్మాడి సత్యం బృందం పని మీకు గుర్తుండే ఉంటుంది. అంత బురద నీళ్లలో చివరికి పని చేసేవి తాళ్లూ చేతులే.

ఆత్మకూరులో నాది మోటార్ వైండింగ్ షాపు. నీళ్లలో మునిగే మోటార్లతోనే నా రోజీ. గ్లాండు, ఓ-రింగు, గ్రీజు నాకు కొత్త కాదు. అయినా టార్చిలు నేను తయారు చేయలేదు. లిథియం బ్యాటరీ ఉన్న డబ్బాలోకి నీళ్లు పోతే అది తల పక్కన పెట్టుకోవాల్సిన వస్తువు కాదు. రెండు చిన్న డైవింగ్ టార్చిలు కొన్నాను. వాటి స్విచ్‌ అయస్కాంతంతో పని చేస్తుంది, అంటే స్విచ్‌ కోసం ఒంటికి రంధ్రం ఉండదు. కెమెరా సెకండ్‌ హ్యాండ్‌ది, నీళ్లు పోని గట్టి కేసుతో సహా. నేను చేసిందల్లా వీటిని తలమీద కుదర్చడం.

అసలు మెహనత్ అక్కడే. సైకిల్ హెల్మెట్‌లో లోపలంతా థర్మోకోల్. నీళ్లలో అది తలని పైకి లాగుతుంది. ఊపిరి బిగబట్టి కిందికి వెళ్లేవాడు దానితో కుస్తీ పడితే ఉన్న ఊపిరి కాస్తా అక్కడే అయిపోతుంది. థర్మోకోల్ తీసేసి నైలాన్ పట్టీలు వేశాను. చేపల వలలకి కట్టే సీసం గుండ్లు రెండు వైపులా సమంగా కుట్టాను. తొట్టిలో వదిలితే మెల్లగా మునగాలి, అదీ లెక్క. ముందుకి పొడుచుకొచ్చిన అంచుని కోసేశాను. దూకినప్పుడు అంచు నీళ్లని కొట్టి మెడ విరుస్తుంది.

లైట్లు కెమెరా పక్కనే పెడితే తెల్లటి పొగ తప్ప ఏమీ రాదు. లెన్సుకీ వస్తువుకీ మధ్య నీళ్లలో తేలే మట్టి మీద వెలుగు పడి వెనక్కి కొడుతుంది. పొగమంచులో హై బీమ్ వేస్తే డ్రైవర్‌కి ఏమవుతుందో అదే. అందుకే కెమెరా నడి నెత్తిన, లైట్లు చెవుల పైన, కాస్త బయటి వైపుకి తిప్పి. గోదావరి లాంటి నీళ్లలో ఇదీ పనికిరాదు. నిలకడ బావి నీళ్లకి చాలు.

తర్వాత వంపు. సముద్రంలో ఈదేవాళ్లు ముందుకి చూస్తారు. బావిలో మామూ చూసేది తన చేతుల్ని. కెమెరా కిందికి వాలాలి. ఉదయగిరి కొయ్య చెంచాల సంగతి మీకు తెలుసు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి కారీగర్ ఒకాయన కొయ్య చెక్కి వాలుగా ఒక దిమ్మె, దాన్ని బిగించే మేకు చేసిచ్చాడు. ‘ప్లాస్టిక్ మేకు నీళ్లలో జారుతుంది బేటా, కొయ్య మేకు తడిస్తే బిగుస్తుంది’ అన్నాడు. అదే జరిగింది. మాషాఅల్లా, ఏం హునర్!

పది మీటర్ల లోతులో ప్రతి చదరపు సెంటీమీటర్ మీదా అదనంగా దాదాపు ఒక కిలో బరువు పడుతుంది. అంటే ఏడు బై ఆరు సెంటీమీటర్ల కెమెరా కేసు మూత మీద నలభై కిలోల పైనే. ఓ-రింగు మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లు దూరతాయి. అందుకే ముందు కెమెరా లేకుండా, కేసులో టిష్యూ కాగితం పెట్టి, రాయి కట్టి అరగంట బావిలో ముంచి తీశాను. కాగితం పొడిగా వచ్చాకే కెమెరా పెట్టాను. గడ్డం కింది బకిల్ ఒక్క చేత్తో ఊడేది. హెల్మెట్ వేళ్లలో చిక్కుకుంటే హెల్మెట్ పోవాలి, మనిషి రావాలి.

వై-ఫై నీళ్లలో పనిచేయదు. పైనే రికార్డింగ్ ఆన్ చేసి పంపాలి. మొదటిసారి మామూ ఒక రైతు మోటారు కోసం దిగాడు. పైకి వచ్చాక రైతు, మెకానిక్, నేను ఫోన్‌లో చూశాం. మోటారు పైపుల కింద ఎటు ఇరుక్కుందో, కొక్కెం ఎటు వెయ్యాలో తెలిసిపోయింది. రెండోసారి దిగి తాడు కట్టి వచ్చేశాడు. అంతకుముందు ఇలాంటి పనికి ఐదారుసార్లు దిగేవాడు.

ఆ రాత్రి ముమానీ ఆ వీడియో చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన పని లోపల ఎలా ఉంటుందో ఆమె చూడటం అదే పెహలీ బార్. మామూ ఎప్పుడూ ‘ఆధా మినిట్’ అనేవాడు. స్క్రీన్ కింద అంకెలు తిరుగుతున్నాయి. దూకినప్పటి నుంచి తల బయటికి వచ్చేదాకా ఒక నిమిషం 12 సెకన్లు. ‘ఇత్తీ దేర్?’ అంది ముమానీ. ఇంకేం అనలేదు, లేచి వెళ్లిపోయింది. మామూ అన్నం ముందు తల దించుకుని కూర్చున్నాడు.

ఆ వీడియోలో ఇంకొకటి వినిపించింది. దూకే ముందు మామూ గబగబా పది పదిహేనుసార్లు ఊపిరి పీల్చి వదులుతున్నాడు. ఎక్కువసేపు ఆగొచ్చని ఆయన నమ్మకం. నిజానికి దానివల్ల ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ‘ఊపిరి పీల్చు’ అని మనల్ని తొందరపెట్టేది ఆ కార్బన్ డయాక్సైడే. అది తగ్గితే తొందర ఉండదు, ఆక్సిజన్ మాత్రం అయిపోతూ ఉంటుంది. మనిషి తక్లీఫ్ తెలియకుండానే బేహోష్ అవుతాడు, చాలాసార్లు పైకి వస్తూ వస్తూ. మంచి ఈతగాళ్లే ఇలా పోతారు.

ఇప్పుడు మాకో ఖాయిదా ఉంది. ఒడ్డు మీద ఒకరు ఫోన్‌లో సెకన్లు చూస్తారు. నలభై అవగానే తాడు ఒకసారి లాగుతారు. అంటే చేతిలో ఏమున్నా వదిలేసి పైకి రావాలి. గబగబా ఊపిరి బంద్. దిగడానికీ దిగడానికీ మధ్య ఐదు నిమిషాలు కూర్చోవాలి. నేను చెబితే వినేవాడు కాదు. ముమానీ లేచి వెళ్లిపోవడం విన్నాడు.

పోయిన చలికాలంలో ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఒక పెద్దాయన బావిలో పడిపోయాడు. మేం వెళ్లేసరికి బావి చుట్టూ జనం, జనం చేతుల్లో ఫోన్లు. ఎవరో మామూ నెత్తి మీది కెమెరా చూసి ‘ఆన్ చేశారా?’ అని అడిగారు. మామూ కొయ్య మేకు లాగి, కెమెరా తీసి నా చేతిలో పెట్టాడు.

‘రోష్నీ నాకు కావాలి. తస్వీర్ ఎవరికి?’ అన్నాడు.

లైట్లు రెండూ వెలిగించుకుని దిగాడు. మూడోసారికి దొరికాడు. పైకి తెచ్చే ముందు దుప్పటి అడిగాడు. పోయినాయన మన ఖౌమ్ కాదు, మామూకి ఆ ఫర్క్ లేదు. పోలీసులు పంచనామాకి అడిగినవి నోటితో చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద నాతో అన్నాడు: ‘గుసుల్ ఇచ్చేవాళ్లు మయ్యత్ దగ్గర చూసింది బయట చెప్పరు కదరా. నీళ్లలో అందరికంటే ముందు చూసేది నేను. ఆ పర్దా నా దగ్గరే మొదలవ్వాలి.’

కెమెరాకీ లైట్లకీ వేరు వేరు దిమ్మెలు పెట్టింది మరమ్మతు సులువుగా ఉంటుందని. ఇప్పుడు అవి వేరుగా ఉండటానికి ఇంకో వజహ్ దొరికింది. ఇకమీద ఎన్ని చేసినా అలాగే చేస్తాను.

ఈ హెల్మెట్ చెప్పలేనివీ ఉన్నాయి. వాడకం లేని బావిలో గాలి చెడిపోయి ఉంటే లైటు చెప్పదు. అక్కడ మామూ అయినా దిగకూడదు, ఫైర్ వాళ్లని పిలవాల్సిందే. సిలిండర్ వేసుకుని దిగే పని శిక్షణ ఉన్నవాళ్లది. మాది ఊపిరి బిగబట్టి చేసే చిన్న పని.

ప్రస్తుతం రెండో హెల్మెట్ చేస్తున్నాను, మామూకి తాడు పట్టే కుర్రాడి కోసం. ఈసారి ఒక చిన్న లైటు ఎక్కువ, గుహ డైవర్ల లెక్కన. వాడు కెమెరా కూడా కావాలని జిద్ చేస్తున్నాడు. మామూ మాత్రం ముందు ఒక వేసవంతా ఒడ్డు మీద సెకన్లు లెక్కపెట్టమన్నాడు.