ఏ చెరువు దగ్గర ఆగుదాం?

మా అనంతపురం వైపు పల్లెల్లో పొద్దుగుంకే వేళ ఒక ఆడమనిషి ఒంటరిగా చెరువు కట్ట మీద కూర్చుంటే చూసినవాళ్ళకు ఒకటే తోస్తుంది, చావడానికి వచ్చిందని. దారిన పోయే ముసలాయన సైకిలు దిగి "ఏమ్మా, యాడిదానివి? ఇంట్లో ఏమన్నా జరిగిందా?" అని అడుగుతాడు. ఆ అడగడంలో దయ ఉంది, కాదనను. అలా ఎవరో ఒకరు అడగబట్టే తిరిగి ఇల్లు చేరినవాళ్ళూ ఉంటారు. కానీ అదే కట్ట మీద అదే వేళ మగవాళ్ళు గుంపుగా కూర్చుని బీడీలు కాల్చుకుంటుంటే వాళ్ళను ఎవరూ ఏమీ అడగరు. నీళ్ళు చూస్తూ కూర్చున్నారు, అంతే. ఊరికే నీళ్ళు చూడటం అనే పని ఆడవాళ్ళకు కూడా ఉండవచ్చునని మన ఊళ్ళకు ఇంకా తట్టలేదు.

నాలుగేళ్ళుగా మేం నలుగురు స్నేహితురాళ్ళం చలికాలంలో రెండు మూడు రోజులు చెరువుల దగ్గర బస చేస్తున్నాం. మాలో ఒకామె అన్నకు పాత టెంపో ట్రావెలర్ ఉంది. వెనక సీట్లు తీయించి పరుపులు పరుస్తాం. ఆమే నడుపుతుంది. ఒక గ్యాసు స్టవ్, ఆరు నీళ్ళ క్యాన్లు, ఒక బకెట్టు, మరుగు కోసం ఒక చిన్న గుడారం. అమెరికాలో దీన్ని ఆర్‌వీ క్యాంపింగ్ అంటారు. మాది అంత హంగు లేని వ్యవహారం. నేనిక్కడ రాయాలనుకున్నది ఆ యాత్రల ముచ్చట్లు కాదు. బయల్దేరే ముందు మేం నలుగురం గంటల తరబడి తర్కించుకునే ఒక్క ప్రశ్న గురించి: ఏ చెరువు దగ్గర ఆగుదాం?

దేశంలో జైసల్మేర్ తరవాత అతి తక్కువ వాన పడే జిల్లా అని మాకు పేరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఇక్కడ చెరువన్నది ఎవరో కట్టినదే. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయారు పండమేరుకు అడ్డంగా కట్టించిన బుక్కరాయసముద్రం ఉంది. శింగనమల, ధర్మవరం, బుక్కపట్నం చెరువులున్నాయి. ఆ తరవాత పెన్న మీద వచ్చిన జలాశయాలున్నాయి. 2012లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్ళు జీడిపల్లికి చేరాక కొన్నిచోట్ల నీటి లెక్క మారింది. అయినా మా మొదటి ప్రశ్న ఏటా అదే. జనవరిలో అందులో నీళ్ళుంటాయా? 2021 నవంబరులో చిత్రావతి పొంగినట్టు పొంగి చెరువులు మరవ పారిన సంవత్సరం అడగక్కర్లేదు. మిగతా ఏళ్ళలో వెళ్ళి చూస్తే చెరువు నిండా సర్కారు తుమ్మ, వాటి మధ్య మేకలు.

చోటు ఎంచుకోవడానికి సూత్రాలు కావాలంటే మనకు పాతవే ఉన్నాయి. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు అందులో వివరంగా చెక్కారు. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి బంకమన్ను నేల, తియ్యటి నీళ్ళ నది, కొండల నడుమ మరీ పొడవు కాని రాతికట్ట, దగ్గరలో రాతి గని, పని తెలిసిన మనుషులు వగైరా ఉండవలసినవి. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మిట్ట, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం వంటివి ఉండకూడనివి. రెండేళ్ళపాటు రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని కూడా రాశారు. ఆ వెయ్యి మందిలో మట్టి తట్టలు మోసిన ఆడవాళ్ళు ఎందరో శాసనం చెప్పదు. చెరువు తవ్వకాల్లో ఇవాళ్టికీ తట్ట ఎవరి నెత్తిన ఉంటుందో తెలిసినవాళ్ళకు అది చెప్పకపోయినా తెలుస్తుంది.

చెరువు కట్ట మీద ఆడదాని పేరు నిలిచిన సందర్భం మా జిల్లాలో ఒకటుంది. బుక్కరాయసముద్రం కట్ట తెగబోయినప్పుడు బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిస్తే నిలుస్తుందని దైవవాణి పలికిందట. ఆమె ఇంటికెళ్ళి అందరి దగ్గరా సెలవు తీసుకుని, పసిబిడ్డను వదిలి, గండిలోకి నడిచిందట. సి.పి. బ్రౌన్ ప్రచురించిన అనంతపురం చరిత్రలోని ఈ కథను తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి 1899లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, 'ముసలమ్మ మరణము' రాశారు. ఆధునిక కావ్యాల్లో మొదటిదిగా దాన్ని లెక్కించేవాళ్ళున్నారు. ఎం.ఏ. లో మాకది పాఠం. కావ్యం కొత్తదనం గురించీ కరుణరసం గురించీ నోట్సు రాసుకున్నాం. ఊరంతా బతకడానికి చిన్నకోడలే ఎందుకు కావలసివచ్చిందని తరగతిలో ఎవరూ అడగలేదు. జానపద గేయాల మీద పరిశోధన మొదలుపెట్టాక పక్కనే కన్నడంలో 'కెరెగె హార' చదివాను. అక్కడా చెరువే, అక్కడా చిన్నకోడలే. పేరు భాగీరథి. భాష మారింది, కోడలి స్థానం మారలేదు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుదీ అదే దారి. భర్త చితిలో 1434లో సతి అయిన స్త్రీ పేరు మీద ఇవాళ యాత్రికులు ఆ నీడన చద్దిమూటలు విప్పుకుంటారు. నీళ్ళలోకో నిప్పులోకో నడిచిన ఆడదానికి చోటు దొరికింది. ఊరికే కూర్చుంటానన్నదానికి దొరకలేదు. సాయంత్రం సైకిలు దిగి అడిగే ముసలాయన భయానికి ఇంత చరిత్ర ఉంది.

ముంబయి నగరం మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి 2011లో తెచ్చిన 'వై లాయిటర్' పుస్తకం మనలో చాలామంది చదివే ఉంటారు. బయట కనపడే స్త్రీ ఏదో ఒక పని మీద ఉన్నట్టు ఎప్పుడూ రుజువు చేసుకుంటూనే ఉండాలని, పనిలేకుండా ఉండే హక్కు కూడా పౌరహక్కేనని వాళ్ళ వాదన. ఆ పుస్తకం వీధుల గురించి. చెరువు దగ్గర రాత్రి సంగతి ఇంకా కష్టం. వీధిలో బస్సు కోసం నిలబడ్డానని చెప్పవచ్చు. చెరువు దగ్గర ఏం చెబుతాం? ఒక జలాశయం పక్కనున్న విశ్రాంతి గృహంలో గదులడిగితే అక్కడి మనిషి మా నలుగురినీ లెక్కపెట్టి, బండిలోకి తొంగిచూసి, "మగవాళ్ళెవరూ రాలేదా?" అన్నాడు. రాలేదన్నాం. గదులు లేవన్నాడు.

రెండేళ్ళ కిందట డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడు, అక్కా బావా ఒక ఆర్‌వీ అద్దెకు తీసుకుని టెక్సోమా సరస్సు ఒడ్డునున్న ఐసెన్‌హోవర్ స్టేట్ పార్కుకు తీసుకెళ్ళారు. టెక్సాస్‌లోనూ సరస్సులు దాదాపు అన్నీ కట్టినవే. 1944లో రెడ్ రివర్ మీద డెనిసన్ ఆనకట్ట పూర్తయ్యాక ఏర్పడింది టెక్సోమా. అక్కడ చోటు ఎంచుకునే పద్ధతి చూసి నాకు పోరుమామిళ్ళ గుర్తొచ్చింది. ప్రతి జాగాకూ ఒక నంబరు. బండి నిలిపే నేల చదునా, వాలా? కరెంటు 30 ఆంపియర్లా, 50 ఆంపియర్లా? నీటి కొళాయి ఉందా? మురుగు గొట్టం కలుపుకోవచ్చా, లేక వెళ్ళేటప్పుడు డంప్ స్టేషన్‌లో ఖాళీ చేయాలా? ఇవన్నీ బావ చూశాడు. అక్క చూసింది వేరు. స్నానాల గదికి ఎంత దూరం, దారిలో దీపాలున్నాయా, పక్క జాగాలో కుటుంబాలున్నాయా అని. బండిలోనే బాత్రూం ఉన్నా ఆ మూడూ చూడనిదే ఆమె మనసు ఊరుకోలేదు. రాత్రి పదికి అంతా సద్దుమణిగింది. అక్కడ పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదన్నది నియమం. మా పక్క జాగాలో డెబ్బై దాటిన ఒకామె, తోడు ఒక కుక్క. మడతకుర్చీలో నీళ్ళకేసి చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు.

అది చూసి అమెరికా స్త్రీకి స్వేచ్ఛ ఉంది, మనకు లేదు అని వాక్యం ముగించడం తేలిక. కానీ ఆ దేశపు దక్షిణాది రాష్ట్రాల్లో 1960ల వరకూ చాలా పార్కుల్లో నల్లజాతివాళ్ళకు ప్రవేశం లేదు. ఉన్నా ఒక మూల. న్యూయార్కులో విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936 నుంచి 'గ్రీన్ బుక్' అచ్చువేయవలసి వచ్చింది అందుకే. నల్లవాళ్ళు దారిలో ఎక్కడ ఆగవచ్చు, ఎక్కడ భోజనం పెడతారు, ఎక్కడ గది ఇస్తారు అన్న జాబితా అది. ఆగే చోటు ఎంచుకోవడం కొందరికి సరదా, కొందరికి ప్రాణరక్షణ. ఎవరి చేతిలో ఎలాంటి జాబితా ఉందో చూస్తే ఆ సమాజంలో వాళ్ళ స్థానం తెలుస్తుంది.

ఇంకొకటి. తిరుగు ప్రయాణంలో బావ చేతులకు తొడుగులు వేసుకుని, గొట్టం బిగించి, మలం తొట్టిని తనే ఖాళీ చేశాడు. అక్కడ అందరూ వరసలో నిలబడి చేసే పనే అది. కేరళ 2021లో కారవాన్ పర్యాటక విధానం ప్రకటించింది, మరుసటి ఏడు వాగమోన్‌లో మొదటి కారవాన్ పార్కు తెరిచింది. మా వైపు కూడా అలాంటివి రావచ్చు. వచ్చిన రోజున ఆ గొట్టం ఎవరు పట్టుకుంటారు? పాకీపనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చిన దేశంలో ఈ ప్రశ్నకు జవాబు అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు. ఇది మొదట అన్నది మా నలుగురిలో ఉన్న దళిత స్నేహితురాలు. ఆమె ఇంకో మాట కూడా అంది. "మీకు చెరువంటే వెన్నెల. మా అవ్వకు చెరువంటే, కడవలో ఎవరన్నా పోస్తారేమోనని దూరంగా నిలబడిన మెట్టు. మహద్‌లో అంబేడ్కర్ చెరువు నీళ్ళు ముట్టుకున్నది 1927లో. మా ఊళ్ళో ఆ ఏడు ఇంకా చాలాకాలం రాలేదు." ఆ తరవాత మా ప్రశ్న కొంచెం మారింది. ఏ చెరువు దగ్గర ఆగుదాం అన్నది ఒక్కటే సరిపోదు. మా నలుగురిలో ఎవరు ఏ రేవు దిగినా మాట పడని చెరువు ఏది అని కూడా చూడాలి.

నిజానికి మా జిల్లాలో చెరువుల పక్కన రాత్రులు గడపడం కొత్తేమీ కాదు. కురుబ కుటుంబాలు గొర్రెల మందలతో ఎప్పటినుంచో ఆ పని చేస్తున్నాయి. మేత కోసం ఊళ్ళు దాటి పోతూ, రైతుల పొలాల్లో ఎరువు కోసం మంద కడుతూ, నీళ్ళున్న చోటల్లా ఆగుతూ పోతారు. శింగనమల వైపు ఒక మంద దగ్గర మా వయసామెను అడిగాను, చోటు ఎట్లా చూసుకుంటారని. ఆమె పొయ్యి ఊదుతూనే చెప్పింది. "నీళ్ళకు మరీ దగ్గర పండకూడదక్కా. పురుగూ పుట్రా నీళ్ళకే వస్తాయి. కట్ట కింద అసలొద్దు. మిట్ట మీద, గాలి తగిలే తావు. ఊరి కుక్కలు మొరిగితే ఇనపడేంత దూరం. బ్రాందీ అంగడి మాటలు ఇనపడనంత దూరం." భయం వేయదా అన్నాను. "భయమేస్తే గొర్లను ఎవురు కాస్తారు?" అని నవ్వింది. ఆమెకు రాత్రిపూట చెరువు దగ్గర ఉండే హక్కును గొర్రెలు ఇచ్చాయి. పక్కన మొగుడున్నాడు, రెండు కుక్కలున్నాయి, చేతిలో పని ఉంది. ఎవరూ ఏమీ అడగరు. అయినా ఆమె చెప్పిన జాబితా కన్నా మంచిది నాకు ఇంతవరకూ దొరకలేదు.

దానికి మేం కలుపుకున్నవి కొన్ని. నల్లరేగడిలో బండి దిగబడుతుంది, ఎర్రటి గరుసు నేల కావాలి. సర్కారు తుమ్మ పొద మనకు మరుగు, ఇంకొకరికీ మరుగే. అందుకే గుడారం. మలానికి గుంత తవ్వేది నీటికి కనీసం అరవై మీటర్ల దూరంలో, పూడ్చేది మేమే. చేపల పాట పాడినవాళ్ళ కాపలా మనిషికి ముందే చెప్పాలి, లేకపోతే అర్ధరాత్రి టార్చిలైటు మొహం మీద పడుతుంది. ఫోను సిగ్నల్ ఉండాలి. ఊళ్ళో కనీసం ఒక ఆడమనిషితో పరిచయం చేసుకోవాలి. అంగన్‌వాడీ టీచరు గానీ, పొదుపు సంఘం లీడరు గానీ. పొద్దున్నే చాకిరేవు బండల మీద మనం కూర్చోకూడదు, అవి ఒకరి పనిచోటు.

శాసనంలోని దోషాల్లో ఒకటి మాకూ దోషమే. రెండు రాజ్యాల సరిహద్దు. రెండు పోలీసు స్టేషన్ల పరిధుల నడుమనున్న చెరువు దగ్గర మేం ఆగం. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన రాత్రి, ఇది మా పరిధి కాదంటూ తమను తిప్పారని ఆమె కుటుంబం చెప్పింది. ఆలస్యానికి పోలీసులు ముగ్గురు సస్పెండయ్యారు కూడా. ఆరు వందల యాభై ఏళ్ళ నాడు చెరువుకు చెప్పిన దోషం ఇవాళ ఆడవాళ్ళకు ఇలా వర్తిస్తోంది.

ఇన్ని చూసుకుని వెళ్ళడం స్వేచ్ఛ ఎట్లా అవుతుందని ఒక స్నేహితురాలు అడిగింది. పూర్తిగా కాదు. ఇంత జాగ్రత్త అవసరం కావడమే మన మీద ఉన్న ఆంక్ష. కానీ జాబితా అంతా అయ్యాక, స్టవ్ ఆర్పేశాక, కట్ట మీద నలుగురం వరసగా కూర్చుని మాట్లాడకుండా ఉండే గంట ఒకటుంటుంది. దూరంగా ఊళ్ళో ఎవరిదో టీవీ. నీళ్ళలో చేప ఎగిరిన చప్పుడు. ఆ గంటలో మేం ఎవరికీ ఏమీ కాము.

ఈ జనవరికి మా అమ్మ కూడా వస్తానంటోంది. ఆమెకు అరవై ఎనిమిది. మిద్దె మీద తప్ప ఆరుబయట ఎన్నడూ నిద్రపోలేదు. నీళ్ళు బాగుంటాయా, వెన్నెల ఉంటుందా అని అడగలేదు. "మోకాళ్ళు వంగవు కదే, గుంత మీద కూర్చోలేను, కుర్చీ లాంటిదేమన్నా ఉందా?" అని అడిగింది. పట్నంలో వెతికితే మడిచిపెట్టుకునే కమోడ్ కుర్చీ దొరికింది. మా జాబితాలో ఇప్పుడది మొదటి వస్తువు.